కట్ట ఎక్కని కారు

“మీవారు రాలేదాండి?” అని అడిగాడు తెనాలి డాక్టరు, నేను ఆయన అమ్మకానికి పెట్టిన కారు చుట్టూ రెండోసారి తిరుగుతుంటే.

“మావారు లేరండి.”

“అయ్యయ్యో, ఎప్పుడండి?”

“ఎప్పుడూ లేరండి. పెళ్ళే చేసుకోలేదు. తాళం ఇటివ్వండి, ఒకసారి తోలి చూస్తాను.”

ఆయన మొహం చూడాలి! పక్కన కూర్చుని, సీటు అంచు గట్టిగా పట్టుకుని వదల్లేదు. ఒక చుట్టు తిరిగి ఇంటి ముందుకు వచ్చాక మాత్రం “బాగానే తోలుతున్నారండి” అన్నాడు, అదేదో ఆయనకు జరిగిన అన్యాయమైనట్టు.

తొంభైల చివరి మాట ఇది. అప్పటికి నేను బాపట్లలో కాలేజీ లెక్చరర్ని. నలభై దాటాయి, ఒంటరిదాన్ని. ఆ కారు విదేశీ కంపెనీది. పేరు చెప్పను, చెప్పినా మా వైపు ఒక్కొక్కరు ఒక్కోలా పలికేవారు. చిన్నదే గానీ దర్జా అంతా ఉంది. మెత్తటి సీట్లు, ఏసీ, మీట నొక్కితే దిగే అద్దాలు. తోలేవాళ్ళ చేతి దగ్గర నాలుగు అద్దాల మీటలూ ఉండేవి. వాటి పక్కనే ఇంకో చిన్న మీట. అది నొక్కితే మిగతా సీట్ల దగ్గరున్న మీటలు పనిచేయవు. “పిల్లలు ఆడకుండాండి” అన్నాడు డాక్టరు. తాళం నా చేతిలో పెడుతూ ఇంకో మాట కూడా చెప్పాడు. “దీని పొట్ట బాగా కిందికండి. కాలవ కట్టల మీద మాత్రం ఎక్కించకండి. రాయి తగిలి ఆయిల్ చాంబర్ పగిలిందంటే ఇక అక్కడే కూర్చోవాలి.”

కాలేజీలో ఒకాయన ఉండబట్టలేక అడిగాడు. “ఒక్కరికి అంత కారెందుకండి మేడమ్? అదీ పాతది!”

“ఒక్కదాన్నే కాబట్టి కాళ్ళు చాపుకుని కూర్చుంటానండి” అన్నాను. ఒళ్ళు మండింది మరి. స్కూటరు మీద పెళ్ళాన్నీ ముగ్గురు పిల్లల్నీ ఎక్కించుకుని తిరిగే ఆయన్ని నేనెప్పుడైనా అడిగానా, ఎందుకంత మందని?

మా ఊరు రేపల్లె అవతల, పెనుమూడి వెళ్ళే వైపు. మాది ఊరి చివర పల్లె, దళితవాడ. అన్నయ్య అక్కడే మిషన్ బడిలో మేష్టారు. పల్లె నుంచి రేపల్లె రోడ్డెక్కాలంటే రెండు దారులు. ఒకటి ఊరి పెద్దబజారు మీదుగా సిమెంటు రోడ్డు. రెండోది వెనకనుంచి కాలవ కట్ట, గతుకులు, రాళ్ళు, గేదెలు. మామూలు రోజుల్లో మేమూ పెద్దబజారులోనే నడుస్తాం. కొట్టుకు వెళ్తాం, పనికి వెళ్తాం, ఎవరూ ఏమీ అనరు. కానీ మా పెళ్ళి గానీ మా శవం గానీ ఆ బజారు తొక్కకూడదు, కట్ట మీదుగానే పోవాలి. ఎవరు పెట్టారీ పద్ధతి? అడిగితే ఎవరూ చెప్పరు. రేపల్లె చర్చిలో పెళ్ళయిన మా వాళ్ళందరూ తెల్లబట్టలతో ఆ బురద మీదుగానే పోయారు. మా అమ్మ తన పెళ్ళికి చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిందట. చివరికి చనిపోయినప్పుడు శవపెట్టెలో వెళ్ళింది, అదే కట్ట మీదుగా. అప్పుడు నేను వెనకాల నడిచాను. ఆ కోపం నాలో ఇప్పటికీ చల్లారలేదు.

కారు కొన్న మరుసటి ఏడు పెద్దబజారులో ఒక పెద్దాయన కొడుక్కి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకుని ఊరేగించడానికి మంచి కారు ఎవరింట్లో ఉంటే వాళ్ళని అడగడం మా వైపు మామూలే. ఆయన అన్నయ్యకి కబురు పంపాడు. “చెల్లెమ్మ గారి కారు ఒక్కపూట ఇప్పించండి మేష్టారూ.”

“నేనే తోలుకొస్తానని చెప్పు” అన్నాను.

“డ్రైవరున్నాడట, తాళం ఇస్తే చాలట” అన్నాడు అన్నయ్య నేల చూస్తూ.

కారు కావాలి గానీ కారుదాని చెయ్యి అక్కర్లేదన్నమాట! అయినా ఇచ్చాను. కావాలనే ఇచ్చాను. బంతిపూలు కట్టి, బాజాలతో, పెద్దబజారంతా రెండుసార్లు తిప్పారట. తిరిగొచ్చాక సీట్ల సందుల్లోంచి అక్షింతలు ఏరి పారేశాను.

ఆ తర్వాత ఏడాదికి అన్నయ్య కూతురి పెళ్ళి. నా మేనకోడలు నర్సింగు చదివింది, నోరున్న పిల్ల. “అత్తా, నేను నీ కారులోనే చర్చికి వెళ్తా. బజారు మీదుగానే వెళ్తా. నాయనమ్మలాగా చెప్పులు చేత్తో పట్టుకుని మాత్రం పోను” అంది.

అన్నయ్య గుండెల్లో రాయి పడింది. “ఊళ్ళో గొడవలొద్దమ్మాయ్. కట్ట మీద పోదాం.”

“కారు కట్టెక్కదు అన్నయ్యా. పొట్ట తగులుద్ది.”

“అయితే రేపల్లెలో అంబాసిడర్ మాట్లాడతా. అది ఎక్కుద్ది.”

“మాట్లాడుకో నాన్నా. అందులో నువ్వే వెళ్ళి పెళ్ళి చేసుకో” అంది పిల్ల.

నేను నవ్వాను. అన్నయ్య నవ్వలేదు. ముప్ఫై ఏళ్ళు ఆ ఊళ్ళో అందరి చేతా మంచివాడనిపించుకుని బతికిన మనిషి. ఆయన భయం నాకు అర్థమయ్యేది, అర్థమైనకొద్దీ కోపం వచ్చేది. చివరికి మూడు షరతుల మీద ఒప్పుకున్నాడు. బాజాలుండకూడదు, ఎక్కడా ఆపకూడదు, అద్దాలు దించకూడదు.

పెళ్ళిరోజు పొద్దున్నే ముందు రిబ్బను కట్టి, తెల్ల పూలు గుచ్చి బయల్దేరాం. నా పక్కన అన్నయ్య. వెనక సీటులో పెళ్ళికూతురు, పక్కన వదిన. అద్దాలన్నీ మూసి, ఏసీ వేశాను. పెద్దబజారు మొదట్లోకి వచ్చామో లేదో, మా కారు అరువు తీసుకున్న ఆ పెద్దాయనే అరుగు దిగి రోడ్డు మధ్యకొచ్చి నిలబడ్డాడు. ఆపక తప్పలేదు.

నేను కారు దిగాను.

“ఏంటమ్మా లెక్చరర్ గారూ, పెళ్ళిబండి ఇటు తీసుకొచ్చారు? కట్ట ఉందిగా” అన్నాడు, మర్యాదగానే.

“కట్ట ఎక్కదండి ఇది. పొట్ట కిందికి.”

“చూసి మెల్లిగా తోలుకోవాలమ్మా. ఎప్పుడూ లేంది ఇప్పుడెందుకూ?”

“ఎప్పుడూ లేకపోవడమేంటండి? మీ అబ్బాయి పెళ్ళికి ఈ బజారులో రెండుసార్లు తిరిగింది కదా. దారి దీనికి మీరే నేర్పారు.”

“అప్పుడు వేరమ్మా.”

“కారు అదేనండి. పూలు కూడా అక్కడే కట్టాం. ఏంటి వేరు, చెప్పండి.”

అరుగుల మీద జనం మా మాటలు వింటున్నారు. వేరేంటో అంతమందిలో నోరు తెరిచి చెప్పాలి ఆయన. ఉత్తరీయం సర్దుకుని, ఒకసారి అటూ ఇటూ చూసి, పక్కకు జరిగాడు.

ఎక్కి కూర్చుని, మీటలు నొక్కి నాలుగు అద్దాలూ కిందికి దించాను. ఎండా, దుమ్మూ, వేగుతున్న గారెల వాసనా ఒక్కసారిగా లోపలికొచ్చాయి. నడిచేవాళ్ళు దాటిపోయేంత మెల్లిగా పోనిచ్చాను. వెనక పిల్ల ముసుగు ఎత్తి దర్జాగా బయటికి చూస్తోంది.

అన్నయ్య మాత్రం తన వైపు మీట టకటకా నొక్కుతున్నాడు. “ఏంటే ఇది? పైకి రావట్లేదు!”

“పాత కారు కదా అన్నయ్యా, చెడిపోయినట్టుంది” అన్నాను. పిల్లలు ఆడకుండా పెట్టిన ఆ చిన్న మీట నేను అప్పటికే నొక్కేశాను.

ఇక ఆయన ఎక్కడికి పోతాడు? మొహం బయటికి, ఎదురుగా బజారు. నాలుగో ఇంటి అరుగు మీదనుంచి ఒకాయన, చిన్నప్పుడు అన్నయ్యతో కలిసి చదువుకున్నవాడే, కేకేశాడు. “ఏం మేష్టారూ, అమ్మాయి పెళ్ళా?”

అన్నయ్య చెయ్యి మీట మీదనుంచి తీశాడు. గొంతు సవరించుకున్నాడు. “అవునండి” అన్నాడు. అది ఆయనకే సరిగ్గా వినపడనట్టు, తల కాస్త బయటికి పెట్టి ఇంకోసారి గట్టిగా అన్నాడు. “అవునండి, మా అమ్మాయేనండి!”

బజారు చివరిదాకా కనపడ్డ ప్రతివాడికీ, అడగకపోయినా, చెబుతూనే ఉన్నాడు.