రెండో చప్పుడు

మా బావ, అంటే అక్క మొగుడు, టైరు బిగిస్తుంటే పూజ చేస్తున్నట్టుండేది. నాకైతే ఒళ్లు మండేది. గూడెం కొత్తవీధి నుంచి పై ఊళ్లకి ఇద్దరం కలిసి జీపు నడిపేవాళ్లం. ఆ రాళ్లదారికని గట్టి పళ్లున్న బురద టైర్లు వేసుకున్నాం. పైన పంక్చరు షాపు ఉండదు కాబట్టి విప్పడం, ఎక్కించడం, గాలి కొట్టడం అన్నీ మేమే.

ముందు రిమ్ము తుప్పు గీకాలి. టైరు అంచుకి రెండువైపులా సబ్బునీళ్లు పూయాలి. గాలి పైపు మూడు బారలుండాలి. ఒక కొస టైరుకి తగిలించి, మీటరున్న కొస పట్టుకుని బానెట్టు అవతల నిలబడాలి. గాలి ఎక్కేకొద్దీ అంచు జరిగి రిమ్ములో కూర్చుంటుంది. కూర్చున్నప్పుడు టప్పుమంటుంది, లోపలివైపు ఒకసారి, బయటివైపు ఒకసారి. రెండూ వినపడేదాకా ఎవరూ దగ్గరికి పోకూడదు. మీటరు ముల్లు నలభైకి చేరినా రెండోది రాకపోతే గాలంతా తీసేసి, సబ్బు పూసి, మళ్లీ మొదటికి రావాల్సిందే.

"టైరు బావా, పులి కాదు," అనేవాణ్ణి.

"పులైతే ముందు గాండ్రిత్తాదిరా," అనేవాడు.

ఆ రోజు సంత. జీపు చుట్టూ పసుపు బస్తాలు, అనాసకాయలు, కోళ్లు, వాటి తాలూకు మనుషులు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. "బేగి కానీయండి బాబూ, సంత ఎత్తీసినాక ఎల్తామేటి?" అని ఒకామె నా ప్రాణం తోడేస్తోంది. టైరుకి గాలి ఎక్కుతోంది, మీటరు నా చేతిలో ఉంది. మొదటి చప్పుడు వచ్చింది. ముల్లు నలభై దాటింది, ఇంకా పైకి పోతోంది. రెండోది రాలేదు.

"రెండోది అయిందేట్రా? ఈ గోల్లో నాకినపడ్లేదు," అని అడిగాడు బావ.

"అయింది," అన్నాను.

మళ్లీ మొదటి నుంచి అంటాడన్న విసుగుతో అన్నాను. ఇంకాస్త గాలెక్కితే అదే కూర్చుంటుంది, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అంటారు. నా నోరు జారలేదు. తెలిసే అన్నాను.

బావ నా మాట నమ్మి, అంచు చుట్టూ సమంగా ఉందో లేదో చూడ్డానికి వెళ్లి వంగాడు. "ఆగు బావా" అనబోయాను. టైరు పేలింది.

బావకి విరిగిన మణికట్టు అతుక్కుంది. ఎడమచెవి మాత్రం పూర్తిగా పోయింది. ఇంజను చప్పుడు విని లోపల ఏది పాడయిందో చెప్పే మనిషి. ఘాటురోడ్డు మలుపులో ఎదురొచ్చే బండిని అందరికంటే ముందు పసిగట్టే మనిషి. ఇప్పుడు స్టీరింగు నా చేతికొచ్చింది. ఆయన పక్క సీట్లో కూర్చుంటాడు.

టైరులోనే లోపముందని అందరూ అన్నారు. బావ తన్నే తిట్టుకుంటాడు. "నా సెవులతో ఇనకండా ఎల్లిపోనాను, తప్పు నాదే," అంటాడు. "ఊరందరికీ జాగర్తలు సెప్తావు, నువ్వే పోయి తలెట్టినావు," అని అక్క నా ముందే సాధిస్తుంది. నేను తలొంచుకుని, అక్క వడ్డించిన అన్నం తింటాను.

మొన్న వెనక టైరు మార్చాం. ఇద్దరమే ఉన్నాం. చుట్టూ ఏ గోలా లేదు. బావ గొంతుక్కూర్చుని సబ్బునీళ్లు పూస్తున్నాడు. నేను ఆయనకి ఎడమపక్కన కూర్చున్నాను.

"ఆ రోజు రెండోది అవలేదు బావా. అబద్ధమాడినాను."

గొంతు తగ్గించలేదు. మామూలుగానే చెప్పాను. నా పెదాలు కదలడం చూశాడేమో, మెడ తిప్పి కుడిచెవి నావైపు పెట్టాడు.

"ఏటన్నావురా?"

"సబ్బు సాలదన్నాను."

నిజమేనన్నట్టు తలూపి, ఇంకాస్త పూశాడు.