పదిహేడు మీద పదహారు

బ్యాంకు గుమ్మంలో తుపాకి పట్టుకుని నిలబడే మనిషికి ముందు ఉండాల్సింది కుదురు. మనవాడికి అదే లేదు. షట్టరు లేచింది మొదలు మెట్ల మీద నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు. చూసి చూసి క్యాషియరమ్మ బొంగరం అని పేరు పెట్టింది. ఇరవై ఏళ్ల కొలువులో అతను ఒక్క తూటా పేల్చలేదు. జనం అడిగి తీసుకున్న పెన్నుల్లో ఒక్కటీ వెనక్కి రాలేదు.

కానీ ఆ రెండు గొట్టాల తుపాకే అతని ఉద్యోగం. తుపాకి సొంతది, లైసెన్సు సొంతది. అవి ఉంటేనే గార్డు, లేకపోతే ఖాకీ చొక్కా తొడుక్కున్న మామూలు మనిషి.

ఏటేటా తుపాకి పట్టుకుని పోలీసు ఆయుధాల ఆఫీసుకి తనిఖీకి పోవడం అలవాటే. పాత ఆయుధాల మేస్త్రి ట్రిగ్గరు దగ్గర నంబరు చూసి, ముద్ర కొట్టి, పొమ్మనేవాడు. ఈ ఏడు ఆయన రిటైరై, ఆ కుర్చీలోకి ఒకావిడ వచ్చింది. వస్తూనే తుపాకిని మూడు ముక్కలుగా విడదీసి బల్ల మీద పెట్టింది. గొట్టాల అడుగున ఉన్న ముద్రలు చూసి బొంగరానికి కళ్లు తిరిగాయి.

"ఇందులో నంబరేదండీ?"

"ఈ పన్నెండు గొట్టం కొలత. కిరీటంలా ఉన్నది గొట్టాన్ని పరీక్షించారని కొట్టిన ముద్ర. ఇది కంపెనీ గుర్తు. ఇవేవీ కావు. అసలు నంబరు మీ తుపాకి మీద మూడు చోట్ల ఉంది. ట్రిగ్గరు పైన బాడీ మీద, గొట్టాల అడుగున, ముందు చెక్క లోపలి ఇనుము మీద. మూడూ ఒకటే ఉండాలి."

"ఉన్నాయి కదండీ?"

"బాడీ మీద 23817. చెక్కలో 23817. గొట్టాల మీద 23816."

బొంగరానికి పై ప్రాణాలు పైనే పోయాయి. "తుడిచి తుడిచి అరిగిపోయిందేమోనండీ."

"ఎంత అరిగినా ఏడు ఆరవదండీ," అంది మేస్త్రమ్మ నవ్వకుండా. "రేపు సాయంత్రం ఐదింటికల్లా ఈ గొట్టాలెవరివో, మీ దగ్గరికెలా వచ్చాయో తేల్చండి. లేదంటే పైకి రాయాలి, లైసెన్సు ఆగిపోతుంది. అందాకా తుపాకి ఇక్కడే ఉంటుంది."

ఆ పదహారు ఎవరిదో తేల్చడానికి బొంగరానికి మెట్లు దిగేంత సేపు కూడా పట్టలేదు. బావది. భార్యకి సొంత అన్న, ఇంకో బ్యాంకులో గార్డు. ఒకే రోజు, ఒకే దుకాణంలో, పక్కపక్క నంబర్ల తుపాకులు కొనుక్కున్నారు ఇద్దరూ. ప్రతి ఆదివారం ఒకే బల్ల మీద విప్పి శుభ్రం చేసుకునేవాళ్లు. ఆరేళ్ల కిందట అలా తుడుస్తుండగానే బావ నలుగురి ముందు నోరు జారాడు. "నీ చేతికి తుపాకి కాదు, చీపురిచ్చి ఉండాల్సింది" అన్నాడు. బొంగరానికి అరికాలి మంట నెత్తికెక్కింది. చేతికందిన ముక్కలు తగిలించుకుని విసురుగా లేచి వచ్చేశాడు. గొట్టాలు కాస్త బిగుతుగా కూర్చుంటే తుప్పనుకున్నాడు. తప్పు బావ నోటిది కావచ్చు, గొట్టాలు మార్చిన చెయ్యి మాత్రం తనదే. అదే మింగుడు పడలేదు.

ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. పెళ్లిళ్లలో ఎదురుపడితే ఒకరు తూర్పుకి, ఒకరు పడమరకి.

"వెళ్లి అడుగు. మా అన్నయ్యేం పులి కాదుగా," అంది భార్య.

"ఏ మొహం పెట్టుకుని వెళ్లమంటావు?"

"ఉన్న మొహమే. ఉద్యోగం పోయాక అదీ ఉండదు."

మర్నాడు బస్సెక్కి రెండు స్టాపుల ముందే దిగేశాడు. నడిచాడు. బావ ఇంటి ముందు నుంచి ఒకసారి దాటిపోయాడు, వెనక్కి వచ్చాడు, మళ్లీ దాటిపోయాడు. నాలుగోసారికి తలుపు తెరుచుకుంది.

"ఎండలో ఎంతసేపు తిరుగుతావు? లోపలికి రా," అన్నాడు బావ.

బొంగరం నీళ్లు నమిలాడు. "తనిఖీలో... మేస్త్రమ్మ విప్పి చూసి..." అనేలోపే బావ బీరువా తీసి, తుపాకి విప్పి, గొట్టాలు తిరగేసి మంచం మీద పెట్టాడు. అడుగున 23817.

"నీదే. చూసుకో."

"నీకెప్పుడు తెలిసింది, బావా?"

"నువ్వు లేచి వెళ్లిన మర్నాడే."

బొంగరానికి ఒళ్లు మండిపోయింది. "ఆరేళ్లు నన్ను తప్పుడు తుపాకితో నిలబెట్టావా? ఈ సాయంత్రం దాటితే నా ఉద్యోగం ఊడేది. ఆ మేస్త్రమ్మ నీది విప్పినా నీదీ ఊడేది. ఒక్క మాట చెప్పడానికేం?"

"చెప్తే ఏం చేసేవాడివి?"

"వచ్చి మార్చుకునేవాణ్ణి."

"మార్చుకుని వెళ్లిపోయేవాడివి. నీ గొట్టాలు నా దగ్గరుంటే ఎప్పటికైనా వస్తావనుకున్నాను. నా అంతట నేను వచ్చి మాట కలపడానికి నాకూ నోరు రాలేదు." బావ తుపాకి ముక్కలన్నీ గుడ్డలో చుట్టాడు. "పద, ఇద్దరం వెళ్లి ఆవిడ ముందే ఎవరివి వాళ్లకి బిగించుకుందాం. ఎలా తారుమారయ్యాయో నేనూ రాసిస్తాను."

బొంగరానికి కోపం ఇంకా ఉంది, కానీ దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

బావ చొక్కా తొడుక్కుని, గుండీలు పెట్టుకుంటూ గోడవైపు తిరిగి అడిగాడు.

"మార్చుకున్నాక కూడా వస్తావా?"