ధర అడగని ఇంటివాడి అమెరికా ఖాతా

ఆస్తి పోయి అలవాట్లు మాత్రం మిగిలిన ఆ రోజుల్లో, మా ఇంట్లో 'ఎంత?' అన్న మాట నిషిద్ధం. తాత హయాంలో మార్కాపురం చుట్టూ మాకు పలకల గనులుండేవి. ఆయన దుకాణంలో వస్తువును వేలితో చూపించేవాడే తప్ప ధర అడిగేవాడు కాదు. ("అడిగినామంటే కొనలేమని కదరా అర్థం" అనేవాడట.) గనులు పోయాయి. ఆ పద్ధతిని మాత్రం నాయనా నేనూ ప్రాణంగా కాపాడుకున్నాం.

నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు పాత జీపు అమ్మితే నలభై వేలు వచ్చాయి. (కొన్నవాడు ఇచ్చిందే తీసుకున్నాం, అమ్మేటప్పుడు కూడా బేరమాడం.) రాచర్ల దగ్గర మిగిలిన మూడెకరాల్లో బోరు వేయించాలని నాయన కోరిక. దానికి ఆ డబ్బు చాలదు. అమెరికా కంపెనీల షేర్లు కొని పెంచుతానని మాటిచ్చాను. నాయన మీసం సర్దుకుని, "మనం వాటా తీసుకుంటే వాళ్లకూ మర్యాదేలే" అన్నాడు.

ఫోన్లో బ్రోకరు కంపెనీ అమ్మాయి మూడు రకాల ఖాతాలున్నాయంది. "ఛార్జీలు చెప్పమంటారా సార్?"

"అక్కర్లేదమ్మా. అన్నిటికన్నా పెద్దది ఏదో అది రాసుకో. ఫ్యూచర్స్ కూడా పెట్టు." (రాబోయే నెలల ధర మీద ఇప్పుడే కుదుర్చుకునే ఒప్పందాలవి. నాకూ అంతవరకే తెలుసు.)

"విదేశీ ఫ్యూచర్స్‌కి ఇక్కడి నిబంధనలు ఒప్పుకోవు సార్."

నిర్ఘాంతపోయాను. మా వంశంలో ఒకరికి 'లేదు' అని చెప్పిన మొదటి దుకాణం అదే.

ఆ తర్వాత దర్జాగా, వారానికొకటి చొప్పున ఆరు షేర్లు కొన్నాను. మూడో నెల చివర లెక్క తెరిచి చూశాను. ఖాతా తెరిచినందుకు ఐదు వేలు, నెలకు వెయ్యి చొప్పున మూడు వేలు, కొన్న ప్రతిసారీ ఐదు వందల చొప్పున మరో మూడు వేలు. షేర్లు పడలేదు, పాపం. నలభైలో పదకొండు వేలు నా మర్యాదకే ఖర్చయ్యాయి.

బజారులో పప్పుల దుకాణం నడిపే తూకం మామ కూడా అమెరికా షేర్లు కొంటాడని విని, వెన్ను నిటారుగా పెట్టుకునే వెళ్లాను.

"ఎంత పట్టుకుంటారో అడిగినావా అల్లుడా?"

"మేం అడగం మామా."

"ఓరి నీ పాసుగూల! నేను నాలుగు కంపెనీలకు ఫోన్ జేసినా. తెరిస్తే ఎంత, కొంటే ఎంత, అమ్మితే ఎంత, డాలర్లు పంపితే ఎంత, వెనక్కి తెచ్చుకుంటే ఎంత? ఇసుక్కున్నారు. ఇసుక్కుంటే మనకేంది?" అంటూ కందిపప్పు సంచి మీద రాసుకున్న పట్టిక చూపించాడు. అన్నిటికన్నా చవకదాని చుట్టూ సున్నా చుట్టి ఉంది. తర్వాత మెల్లగా అన్నాడు: "మీ తాత మా నాయన దగ్గర ముప్పై ఏండ్లు ధర అడగకుండా సరుకు తీసుకపోయినాడు. దేవునట్లాంటి మనిషి." వేలు పైకెత్తాడు. "ఈ మేడ ఎట్ల లేచిందనుకున్నావు?"

తలెత్తి చూశాను. మూడంతస్తులు! మా గనులు ఎటు పోయాయో తెలియదనుకుంటూ వచ్చాను ఇన్నేళ్లూ.

ఆ వారమే మామ సున్నా చుట్టిన ఖాతాకు మారాను. ఏడాది కాదు, నాలుగేళ్లు పట్టింది బోరు డబ్బు పోగవడానికి. బోరు బండివాడు పొలానికి వచ్చిన రోజు, గొంతు సవరించుకుని, మూడు తరాల్లో మొదటిసారి "ఎంత?" అన్నాను. నాయన చటుక్కున మొహం తిప్పుకున్నాడు. నా వల్ల పరువు పోయిందనుకుని తల దించుకున్నాను. బండివాడు ధర చెప్పగానే నాయన అటే చూస్తూ, పెదవి కదపకుండా అన్నాడు:

"ఓ రెండు వేలు తగ్గించమను."

ఇప్పుడు ఆకుకూర కట్టకైనా ధర అడుగుతాను. ఫోన్లో ఛార్జీలు చెప్పనక్కర్లేదన్న ఆ ఇరవై నాలుగేళ్ల కుర్రవాడు గుర్తొచ్చినప్పుడు మాత్రం, అడిగిన తర్వాత ఒకసారి వెన్ను సరిచేసుకుంటాను.