సాపు చేయించిన బ్లేడ్లు

నాకు కోపం ముందొస్తుంది, ఆలోచన ఆ తరువాత నింపాదిగా వస్తుంది. ఏళ్ళ తరబడి హైస్కూల్లో ఆటల టీచరుగా ఎండలో ఈల ఊది, అరిచి అరిచి అలా తయారయ్యానని నేనంటాను. పుట్టుకతోనే అంతేనని మా ఇంటాయన అంటారు. ఏది నిజమైనా, ఆ కోపంతో ఒక పెద్దమనిషి పనికే ఎసరు పెట్టాను. సమయానికి కళ్ళు తెరుచుకున్నాయి గనుక ఇవాళ నవ్వుకుంటూ చెప్పగలుగుతున్నాను.

మా బడి కర్ణాటకలో, చింతామణి నుంచి కైవార పోయే దారిలో ఉంది. గదులు తక్కువ, మైదానం పెద్దది. వానలు పడ్డాయంటే గడ్డి మోకాలెత్తు లేస్తుంది. అందుకని పాత విద్యార్థులు కొందరు కలిసి, బెంగళూరులో ఎవరో వాడి తీసేసిన గడ్డి కోసే బండి కొని తెచ్చిచ్చారు. చిన్న ట్రాక్టరులా ఉంటుంది. మనిషి ఎక్కి కూర్చుని నడపాలి. దాని కడుపు కింద బోర్లించిన రేకు మూత, ఆ మూత లోపల రెండు బ్లేడ్లు. అవి గిర్రున తిరిగి గడ్డి కోసి, పక్కనున్న రేకు నోట్లోంచి దూరంగా చిమ్ముతాయి. మేమంతా దాన్ని గడ్డిబండి అనేవాళ్ళం.

దాన్ని నడిపేది మా తోటాయన. దిబ్బూరహళ్ళి మనిషి, నాకంటే రెండేళ్ళు పెద్ద. ఇంట్లో పట్టుపురుగులు పెంచుతారు. బడిలో ఆయనది పర్మనెంటు పని కాదు, హెడ్‌మాస్టరు వద్దంటే ఆ నెలతో సరి. బండెక్కే ముందు తువ్వాలు తలకు బిగించి, స్టీరింగుకు ఒకసారి చెయ్యి తాకించి కళ్ళకద్దుకునేవాడు. దిగేదాకా ఎవరితోనూ మాట్లాడడు. ఆయనకు ఆ బండంటే అంత ఇష్టం.

ఆ ఏడు మా తాలూకా బడులన్నీ ఆటల్లో పోటీపడే క్రీడాకూటం మొదటిసారి మా మైదానానికి వచ్చింది. నా సంబరం అంతా ఇంతా కాదు. ఖోఖో ఆడే మా ఆడపిల్లలు ఉత్తకాళ్ళతో పరిగెత్తుతారు, వాళ్ళకు మైదానం అద్దంలా ఉండాలని పట్టు పట్టాను. రాళ్ళు తగిలి బ్లేడ్లు మొద్దుబారాయని తోటాయన విప్పి చూపించాడు. నేనూ తిప్పి చూశాను. పదును పోవడం సరే, ప్రతి బ్లేడుకూ రెండు కొనల దగ్గర వెనక అంచు పైకి లేచి ఉంది. రాళ్ళ మీద పోనిచ్చి వంచేశావు కదా అన్నాను. ఆయన బ్లేడును అటూ ఇటూ తిప్పి నెమ్మదిగా ఒకే మాట చెప్పాడు.

"రాయి తగిలింటే ఒక పక్క వంగాల గదమ్మా. రెండు పక్కలా ఒకే తీరుగా ఎట్ల వంగుతాది?"

నేను వింటేనా! మాది బాగేపల్లి దగ్గర వేరుశనగ పండించే ఇల్లు. పనిముట్టు వంగిందంటే చెడినట్టే లెక్క అక్కడ. ముందు వంపు తీసి సాపు చేయించాలి, తరువాత పదును పెట్టించాలి. కొడవలైనా, కలుపు తీసే తొలికైనా మా నాయన మా ఊరి కమ్మరాయన దగ్గరికి తప్ప ఇంకొకరి దగ్గరికి తీసుకుపోయేవాడు కాదు. నేనూ అంతే. చింతామణిలో గ్రైండరు పెట్టుకున్నవాళ్ళు ఎందరున్నా కాదని, రెండు బ్లేడ్లనూ గోనెసంచిలో చుట్టి, చేళూరు మీదుగా పోయే బస్సెక్కి మా ఊరికి మోసుకుపోయాను. కమ్మరాయన ఆ అంచులు తడిమి చూసి, సాపు చేయాల్నా అని అడిగాడు. అది కూడా అడగాలా అన్నాను. కొలిమిలో కాల్చి, సమ్మెటతో కొట్టి, బల్లపరుపుగా చేసి, మీసం గొరగొచ్చు అన్నంత పదును పెట్టిచ్చాడు. నేను గర్వంగా తెచ్చి తోటాయన చేతిలో పెట్టాను. ఆయన తీసుకుపోయి బండికి బిగించుకున్నాడు.

ఆ మర్నాటి నుంచి మొదలయ్యాయి నా తిప్పలు. బండి పోయిన దారంతా గడ్డి కుప్పలు. దూరంగా చిమ్మాల్సింది కాస్తా అక్కడే ముద్దలు ముద్దలుగా పడిపోతోంది. ఖోఖో పిల్ల ఒకతి ఆ ముద్ద మీద కాలేసి సర్రున జారి పడింది. మోచెయ్యి గీరుకుపోయింది. నా కోపం నషాళానికి అంటింది.

మొదట తడిగడ్డి అనుకున్నాం. బడి మొదలయ్యేలోపు కోసేయాలని తెల్లారి మంచులోనే కోయిస్తున్నది నేనే. మా ఇంట్లో పశువుల గడ్డి అలాగే కోసేవాళ్ళం, తడి మీద కొడవలి హాయిగా నడుస్తుందని. తడి ఆకు పురుగుకు పడదు, తడి గడ్డి బండికి పడదు అని తోటాయన ముందునుంచీ చెబుతూనే ఉన్నాడట. సరే, పదకొండు గంటలకు ఎండ బాగా కాశాక కోయించాను. ముద్దలు కాస్త చిన్నవయ్యాయి గానీ పోలేదు. తరువాత ఫోనులో ఒక వీడియో చూసి, మూత లోపల గడ్డి అతుక్కుని గాలి ఆడడం లేదేమో అన్నాను. ఆయన బండిని ఆపి, ప్లగ్గు వైరు తీసేసి, పక్కకు ఎత్తి, దోసెల అట్లకాడతో పిడకల్లా అతుక్కున్న గడ్డంతా గీకేశాడు. పోలేదు. మరీ పొట్టిగా కోస్తున్నామని మూతను ఒక మెట్టు పైకి లేపించాను. ఇంజను ఫుల్లుగా పెట్టి, బండిని మాత్రం మెల్లగా పోనివ్వమన్నాను. నడిచే మనిషి దాటిపోయేంత మెల్లగా పోనిచ్చాడు, పాపం. అయినా కుప్పలే.

ఇక మిగిలింది నడిపే మనిషే గదా అని తేల్చేశాను. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. తోటాయనకు బండి నడపడం చేతకావడం లేదని, పిల్లలు పడిపోతున్నారని హెడ్‌మాస్టరుకు కన్నడంలో ఒక అర్జీ రాసిచ్చాను. ఆయన్ను పిలిచి నాలుగు మాటలు చెబుతారని నా ఉద్దేశం. హెడ్‌మాస్టరు అంతకంటే పెద్ద ఆలోచన చేశారు. బెంగళూరు కాంట్రాక్టువాళ్ళు బండీ మనిషీ వాళ్ళే తెచ్చుకుంటారట, వచ్చే నెల నుంచి వాళ్ళకు ఇచ్చేద్దాం, తోటాయన ఈ నెలాఖరుకు మానేయొచ్చు అన్నారు. అంతదూరం పోతుందని నేననుకోలేదు. కానీ కోపం ఇంకా దిగలేదు, మీ ఇష్టం సార్ అని వచ్చేశాను. తోటాయన తాళంచెవి తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. ఇంట్లో పురుగులు పెద్దవయ్యాయి, ఆకు పని ఉంది, మిగిలిన రోజులు సెలవు పెడతాను అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం నేనే బండెక్కాను. మా ఇంటాయన బడి వరండాలో కూర్చుని చూస్తున్నారు. ఎండ కాసింది, గడ్డి ఎండింది, మూత శుభ్రంగా ఉంది, బండి మెల్లగా నడిపాను. వెనక్కి తిరిగి చూస్తే అవే కుప్పలు. పైగా అక్కడక్కడా గడ్డి బండి కింద పడుకుని, బండి దాటాక లేచి నిలబడుతోంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ కథ అన్నారు మా ఆయన. కాదు, ఈ బ్లేడ్లే పనికిరాకుండా పోయాయి అని ఆయన మీదా ఎగిరాను. చిక్కబళ్ళాపురంలో టిల్లర్లూ మోటార్లూ అమ్మే షాపుకు ఫోన్ చేసి కొత్త బ్లేడ్లు చెప్పాను.

నాలుగు రోజులకు వచ్చాయంటే పోయాను. నెలాఖరుకు ఇంకా మూడు రోజులున్నాయి. షాపాయన ముందే డబ్బా విప్పాను. చూద్దునుగదా, కొత్త బ్లేడ్లకూ రెండు కొనల్లో అంచులు పైకి వంగి ఉన్నాయి! వంగిన సరుకు అంటగడతారా అని షాపు అదిరేలా అరిచాను. షాపాయన నొచ్చుకోలేదు. మూలన తిరుగుతున్న ఫ్యానును చూపించాడు.

"దాని రెక్కలు సాపు చేసేస్తే గాలొస్తాదా మేడం? ఇదీ అంతే. ఈ అంచు లేసిండేదానికే లోపల గాలి పుడతాది. ఆ గాలికి గడ్డి లేసి నిలబడతాది, కోసినంక బయటికి పోయి పడతాది. పాతవాటికి లేదా ఏమి?"

పాతవాటికి ఉండేది. నేనే దగ్గరుండి కొట్టించాను. తేలు కుట్టిన దొంగలా బ్లేడ్లు సంచిలో పెట్టుకుని బయటికి వచ్చాను. రెండు పక్కలా ఒకే తీరుగా ఎట్ల వంగుతాది అన్న మాట చెవుల్లో మోగుతోంది. అంత చిన్న లెక్క. చదువుకున్నదాన్ని నాకు తట్టలేదు, ఆయనకు తట్టింది. సిగ్గేసింది.

ఇంటికి పోకుండా శిడ్లఘట్ట మీదుగా దిబ్బూరహళ్ళి బస్సెక్కాను. బస్సులో కూర్చుని ఏం చెప్పాలో కూర్చుకున్నాను. నిజం చెప్పాలంటే, కమ్మరాయన పొరపాటు చేశాడు అని చెబుదామనుకున్నాను. అంత సిగ్గులోనూ నా బుద్ధి అటే పోయింది.

పురుగుల ఇంట్లోకి బయటివాళ్ళు పోకూడదు. వాకిట్లోనే నిలబడ్డాను. తోటాయన ఆకుపసరు చేతులు తువ్వాలుకు తుడుచుకుంటూ బయటికి వచ్చి, కూర్చోమని బెంచీ చూపించాడు. నేను కూర్చోకుండా కొత్త బ్లేడు తీసి చూపించాను. ఆయన కొనలు తడిమి తల ఊపాడు. మా ఊరి కమ్మరాయన ఏం చేశాడంటే అని మొదలుపెట్టానో లేదో, అడ్డం వచ్చాడు.

"ఆయప్పని ఏమనొద్దమ్మా. ఆయప్ప చెప్పిన పని చేసినాడు."

ఆ మాటతో బస్సులో కూర్చుకున్నదంతా వదిలేశాను. చెప్పింది నేనే, నువ్వు చెప్తే వినకుండా చెప్పిందీ నేనే, తప్పు నాదప్పా అన్నాను. అది అనడానికి నాకు ఎంత కష్టమైందో నాకే తెలుసు. ఆయన బ్లేడు తిరిగి నా చేతికిచ్చి, కళ్ళలోకి చూస్తూ అడిగాడు.

"నాకు పని ఉండాదామ్మా?"

రేపు వచ్చి ఈ బ్లేడ్లు బిగించిపో, మిగతాది నేను చూసుకుంటాను అని మాత్రం అని వచ్చేశాను. దారి పొడుగునా ఆ ప్రశ్నే.

మర్నాడు హెడ్‌మాస్టరు ముందు ఇంకో అర్జీ పెట్టాను. బ్లేడ్లు చెడగొట్టించింది నేను, చెప్పినా విననిది నేను, తోటాయన తప్పు రవ్వంత లేదు అని పూసగుచ్చినట్టు రాశాను. ఆయన చదివి, మీరు రాసిందేనా ఇది అని రెండుసార్లు అడిగారు. ముందు మైదానం చూపించండి అని లేచారు.

పదకొండు గంటలకు తోటాయన మైదానం మధ్యలో బండిని ఎత్తి, బ్లేడ్లు చేతిలో పట్టుకుని ఉన్నాడు. హెడ్‌మాస్టరుతో పాటు టీచర్లు కూడా వచ్చి నిలబడ్డారు. ఆయన ఒక బ్లేడును ఎండకు పట్టి చూసి, మొహంలో నవ్వు పిసరంతైనా లేకుండా నా వైపు తిరిగాడు.

"రెండు పక్కలా వంగిండాదమ్మా. సాపు చేయాల్నా?"

"వద్దప్పా. వంగిండనీ," అన్నాను.

టీచర్లంతా పగలబడి నవ్వారు. ఆయన బిగించి, తువ్వాలు తలకు చుట్టి, స్టీరింగు తాకి కళ్ళకద్దుకుని బండి కదిలించాడు. గడ్డి రేకు నోట్లోంచి జల్లులా దూరంగా లేచి పడుతోంది. వెనక నేల శుభ్రంగా ఉంది. హెడ్‌మాస్టరు చెప్పులు విడిచి, కోసిన దారిలో పది అడుగులు నడిచి, పాదం ఎత్తి చూసుకున్నారు. ఒక్క పోచ అంటలేదు. కాంట్రాక్టువాళ్ళకు ఫోన్ చేసి వద్దని చెబుతాను అన్నారు. నా రెండు అర్జీలూ నాకే తిరిగిచ్చేశారు.

క్రీడాకూటం మా మైదానంలోనే జరిగింది. మా పిల్లలు ఖోఖోలో ఓడిపోయారు గానీ ఒక్కరూ జారి పడలేదు. నేను రిటైరయ్యేదాకా తోటాయనే బండి నడిపాడు. ఇప్పటికీ ఆయనే నడుపుతున్నాడు. నేనున్నన్నాళ్ళూ, పదునుకు బ్లేడ్లు విప్పిన ప్రతిసారీ, మైదానం అవతల నుంచి అందరికీ వినబడేలా, అమ్మా సాపు చేయాల్నా అని అరిచేవాడు. అందరి మీదా అరిచే పి.టి. మేడం ఆ ఒక్క మాటకు ఎందుకు తల వంచుకుని నవ్వుతుందో పిల్లలకు అర్థమయ్యేది కాదు.