మిట్టమధ్యాహ్నం బఖూర్ పొగ

ఏడో తరగతిలో నేను బడి మానేస్తానంటే మా మాస్టారు వద్దనలేదు సరికదా, గేటు దాకా వచ్చి సాగనంపారు. అలాంటి నన్ను ఒమన్‌లో మా అర్బాబు, అంటే మా యజమాని, ఇంజనీరు అనేవాడు. నేను చేసేది వడ్రంగం. ఆయన బాత్రూమ్ తలుపుకి నేను గొళ్ళెం బిగించి, లోపలే ఇరుక్కుని, కిటికీలోంచి బయటపడ్డ రోజు నుంచీ ఆ పిలుపు మరీ ఎక్కువైంది.

పెద్ద తుఫాను వచ్చిపోయిన మరుసటి ఏడాది ఆయన ఒక పాత క్యారవాన్ కొనబోయాడు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే ఇల్లు అది. ఆయనింట్లో వంట చేసే కడప అక్కని సువైక్‌లో ఖర్జూరం తోటకి మారుస్తాడట. ఆవిడ పడుకునేది అందులోనే. అక్కకి ఆయాసం. చెమ్మ తగిలితే ఊపిరాడదు. ఎక్కడైనా నీళ్ళు దిగాయేమో చూడమని నన్నూ, పొయ్యి చూసుకోమని ఆవిణ్ణీ అది ఉన్న మబేలాకి తీసుకెళ్ళాడు. దారిలో అక్క నన్ను అడిగింది ఒక్కటే, చెమ్మ లేకుండా చూడమని.

అమ్మేవాడు అర్బాబుకి దూరపు చుట్టం. తలుపు తీయగానే గుప్పుమని బఖూర్ పొగ. అరబ్బులు నిప్పుల మీద వేసే సుగంధపు చెక్క అది. లోపల గోడలకి కొత్త ప్లైవుడ్, కొత్త స్క్రూలు. సుత్తి పిడితో గంటసేపు తట్టాను. కొత్త చెక్క కొత్త చెక్కలాగే మోగుతుంది, ఇంకెలా మోగుతుంది? ఒక్క స్క్రూ విప్పి వెనక చూస్తానంటే ఆ చుట్టం నా చేతిలో ఖర్జూరాలు పెట్టాడు. మళ్ళీ అడిగితే కహ్వా, వాళ్ళ కాఫీ, పోశాడు. మూడోసారికి అర్బాబే విసుక్కున్నాడు.

"ఒమన్ మే బారిష్ కిదర్?"

ఇక్కడ వానెక్కడిదట. కిందటేడు మా రూమ్‌లో చెప్పులు పడవల్లా తిరిగినప్పుడు ఈయనెక్కడున్నాడో. ఒళ్ళు మండిపోయింది. కానీ చుట్టం ఎదురుగా అనలేక, ఆ మాటని ఖర్జూరంతోపాటు మింగేసి "తమామ్" అన్నాను. అంతా బాగుందని.

అక్క మాత్రం కదల్లేదు.

"చేపలు వేంచిన పొద్దే ఇంట్లో మేడమ్ ఆ వాసన పోవాలని నాతో ఇది రగిలించేది. ఈడ చేపలెవురు వేంచినారు?"

పొగ పోయేదాకా తలుపులు తెరిపించింది. తర్వాత అన్నీ మూయించి, ఎండలో కాసేపు ఆగి లోపలికెళ్ళింది. మంచం దగ్గరికి చేరిందో లేదో దగ్గు ఎత్తుకుంది. ఈసారి నేనెవర్నీ అడగలేదు. మంచం కింది పలక పెరికాను. వెనక చెక్క నల్లగా ఉంది. స్క్రూడ్రైవర్ హల్వాలో దిగినట్టు దిగింది. అర్బాబు వెళ్ళి కారెక్కాడు.

తిరిగొస్తూ, నాకు తలుపు దగ్గరే అనుమానం వచ్చిందని చెప్పుకున్నాను. వెనక సీట్లోంచి అక్క అంది:

"ఎప్పుడూ తెరిచే ఉంటాది గదా నాయనా నీ నోరు. నా పానం మీదికొచ్చిన పొద్దు ఒక్కనాడే మూసుకుంటివే."