వదినె నీళ్ల ఒక్కపొద్దు

మా వదినె దేవుణ్ణి నమ్మేది. దానితో నాకు పేచీ లేదు. కానీ తెల్లవారకముందు ఒక లోటా నీళ్లు తాగి, మళ్లీ దీపాలు పెట్టి చాలాసేపయ్యే దాకా గుక్కెడు ముట్టకపోవడం చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

"అన్నం తింటనే ఒక్కపొద్దేంది వదినె?"

"ఇది నీళ్ల ఒక్కపొద్దు."

"ఏ దేవునికి?"

"అందరు దేవుళ్లకు. నీకెందుకు మరిదీ ఫికర్?"

ఆ ఎండాకాలం ఆమెకు మూత్రంలో మంట మొదలైంది. దవాఖానలో డాక్టరమ్మ రోజుకు బిందెడు నీళ్లు తాగమంది. లేకపోతే మూత్రపిండాలు పాడవుతాయని బెదిరించింది కూడా. వదినె బుద్ధిగా తలూపింది. ఇంటికొచ్చి మళ్లీ అదే ఒక్కపొద్దు. కోపం పట్టలేక ఆడవాళ్ల ఉపవాసాల మీద ఒక వ్యాసం రాసి మా చర్చా సంఘంలో చదివాను. చప్పట్లు బాగానే కొట్టారు.

అవి డెబ్బైల మొదటి రోజులు. హైదరాబాదు పాతబస్తీలో, ఛత్రినాక పక్కన మా గల్లీలో హిందువుల ఇళ్లు, ముసల్మానుల ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉండేవి. ఒకరోజు వార్డు ఆఫీసు నుంచి కబురొచ్చింది: రాబోయే ఏళ్లలో మీ బస్తీకి ఏమేం కావాలో మీరే చెప్పండి, మూడు పనులు వరుసగా రాసివ్వండి, ఆదివారం బడిలో మీటింగు పెట్టి అందరి ముందు చదువుతాం, మొదట రాసింది మొదట చేస్తాం. తెలుగు, ఉర్దూ రెండూ రాయగలవాణ్ణని ఆ కాగితం నా చేతికిచ్చారు.

మగవాళ్లు అరుగు మీద కూర్చుని చాయ్ చల్లారకముందే తేల్చేశారు. ఒకటి, గల్లీ చివర కరెంటు స్తంభం, లైటు. రెండు, ఇంకో నల్లా. మూడు, మోరీ మీద, అంటే మురుగు కాలువ మీద, బండలు. బస్సు డిపోలో మెకానిక్కుగా చేసే మా అన్న, "రాయి తమ్మీ, ఇంకేమున్నది ఆలోచించనీకి" అన్నాడు.

నేను రాయలేదు. ఆడవాళ్ల మాట లేని జాబితా సగం జాబితా అని వాదించాను. వాళ్లు నవ్వారు. "పో, అడుగు పో. బంగారు గాజులు రాయమంటరు" అన్నాడొకాయన. ఆ పట్టుదలలో న్యాయం ఎంత ఉందో, నా వాదం గెలవాలన్న దుగ్ధ కూడా అంతే ఉందని ఇప్పుడు ఒప్పుకుంటాను.

మొదట మా ఇంట్లోనే అడిగాను. వదినె బియ్యం ఏరుతోంది. పక్కింటి ఖాలా, తల నెరిసిన మనిషి, ఆమెకు సాయం కూర్చుంది. లైటు సంగతి చెప్పగానే ఇద్దరి చేతులూ ఆగిపోయాయి.

"గల్లీ చివర్నంటే యాడ?" అంది వదినె.

"పాయిఖానా ముందర."

"వద్దు."

"ఎందుకొద్దు? వెలుగొద్దనే మనుషులుంటరా?"

ఖాలా విసుక్కుంది. "పహెలే దర్వాజా లగాఓ బేటా, బత్తీ బాద్ మే." ముందు తలుపులు పెట్టించు, దీపం తర్వాత అని.

నేను బుర్ర లేనివాడిలా చూస్తుంటే వదినె తల వంచుకుని చెప్పింది. ఇళ్లలో మరుగుదొడ్లు లేవు, గల్లీ ఆడవాళ్లందరికీ ఆ పాయిఖానాయే దిక్కు. దానికి నాలుగు గదులు, ఒక్కదానికీ తలుపు లేదు. ఎదురుగా రిక్షాల అడ్డా. తెల్లవారకముందు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి, అంతే. "నడుమ నీళ్లు తాగితే యాడికి పోవాలె మరిదీ? గిప్పుడు లైటు పెడ్తే ఆ చీకటి గూడ పాయె."

"మరి ఒక్కపొద్దంటివి?"

"ఇంకేమనాలె? నువ్వే అడిగి, నువ్వే దేవుని మీద లొల్లి వెడ్తివి. మంచిదే అనుకున్న."

నా వ్యాసానికి పడ్డ చప్పట్లు చెంపల మీద పడ్డట్టయింది. దేవుడితో కొట్లాడుతూ తలుపు లేని గోడను చూడలేకపోయాను. రోజూ ఆ గోడ పక్క నుంచే నడిచేవాణ్ణి. మిగతా ఇళ్లు తిరిగాను. ఎవరూ ముందు నోరు విప్పలేదు, 'తలుపులా?' అని నేనే అడిగితే ఒక్కరూ కాదనలేదు. మొదటి పంక్తిలో తలుపులు రాసి, లైటును రెండోదానికి, నల్లాను మూడోదానికి జరిపి, మోరీ బండలు వదిలేసి, ఎవరికీ చూపించకుండా ఇచ్చొచ్చాను.

ఆదివారం మీటింగులో ఆఫీసరు కాగితం చదవగానే బెంచీల మీద కిసకిసలు లేచాయి. అన్న ముఖం కందగడ్డయింది. "గా మాట మాది కాదు సార్, కొట్టేయుండ్రి. బస్తీ ఇజ్జత్ పోతది" అన్నాడు.

నేను లేచాను. నాగరికత అంటే ఏమిటో, స్త్రీ స్వేచ్ఛ అంటే ఏమిటో మొదలుపెట్టాను. మూడో వాక్యంలో ఉండగానే వరండాలోంచి వదినె గొంతు వినిపించింది. పక్కన ఖాలా బురఖాలో నిలబడి ఆమె మోచేయి పట్టుకుని ఉంది.

"లెక్చరు తర్వాత ఇద్దువు మరిదీ. సార్, లైటు ముందు పెడ్తే, పొద్దంత ఆపుకున్నది రాత్రి గూడ ఆపుకోవాలె. డాక్టరమ్మ నీళ్లు తాగుమంటది. తాగి యాడ కూసోవాలె, మీరే చెప్పుండ్రి."

అన్న తన చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆఫీసరు కొట్టేయలేదు.

వానాకాలం అయ్యాక రెండు పనులూ ఒకే వారంలో వచ్చిపడ్డాయి. రేకు తలుపులు బిగించి కాంట్రాక్టరు మనుషులు వెళ్లిపోయారు. చూస్తే గడియలు బయటి వైపే వెల్డింగు చేసి ఉన్నాయి! మేకలు దూరకుండా అట. ఆ సాయంత్రమే లైటు వేస్తామని కరెంటు వాళ్లు స్తంభం కింద నిచ్చెన దించారు.

అన్న డిపో నుంచి రాగానే సంగతి తెలిసింది. ఇంట్లో వెతికి మూడు గడియలు, స్క్రూడ్రైవరు తీసుకుని గల్లీ చివరికి నడిచాడు. రిక్షా అడ్డాలో వాళ్లు మెడలు చాపితే, "ఏంది తమాషా? అటు తిరుగుండ్రి!" అని కసిరాడు. నాలుగో గడియ కోసం నన్ను పరుగెత్తించాడు.

ఆరోజు శుక్రవారం, పాతబస్తీ దుకాణాలకు సెలవు. మొఘల్‌పురా దాకా ఇనుప సామాను దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. ఒక దుకాణం వెనక ఇంటి తలుపు బాది, ఆయన తిట్లు తిని, ఒక గడియ సంపాదించి తిరిగి వచ్చేసరికి లైటు వెలుగుతోంది. మూడు తలుపులు లోపలి నుంచి మూసి ఉన్నాయి. నాలుగోదాని ముందు ఖాలా కాళ్లు మార్చుకుంటూ నిలబడింది.

"ఎంతసేపు!" అన్నాడు అన్న. నేనేదో చెప్పబోయాను.

"మాట్లాడకు. తలుపు వట్టుకో" అంది వదినె.

పట్టుకున్నాను. అన్న రెండో స్క్రూ బిగిస్తుండగానే ఖాలా "బస్, బస్, హటో" అంటూ మా ఇద్దరినీ పక్కకు నెట్టి, లోపలికి పోయి గడియ వేసుకుంది.