అత్త వేసిన అక్కిడి సాలు

మొన్న మా మండలంలో రైతుల మీటింగు పెట్టారు. నాకు కూతురుంటే ఆ వయసుండే ఒక ఆఫీసరమ్మ అందరికీ తలా ఒక గింజల పొట్లం ఇచ్చి, వేరుశనగ ఒక్కదాన్నే నమ్ముకోవద్దనీ, మధ్యమధ్యలో ఒక సాలు కంది, అలసంద, అనుము, జొన్న కలిపి వేసుకుంటే వాన మొహం చాటేసినా ఏదో ఒకటి చేతికొస్తుందనీ ఓపికగా చెప్పింది. అందరూ తలలూపారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. టీ కూడా తాగకుండా లేచి వచ్చేశాను. దారిపొడవునా ఆ పిల్లను తిట్టుకుంటూనే ఉన్నాను. వాకిట్లో చెప్పులు విడిచేటప్పుడు తెలిసింది, నేను తిడుతున్నది ఆమెను కాదని. ఆ మాటలన్నీ మా మేనత్త నాకు ఎప్పుడో చెప్పింది.

అత్త చిన్న వయసులోనే మొగుణ్ణి పోగొట్టుకుని గుమ్మఘట్ట వైపు నుంచి మా ఇంటికి వచ్చేసింది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. కోపమొస్తే కన్నడంలో తిట్టేది, ప్రేమ వస్తే తెలుగులో తిట్టేది. ఎండిన సొరకాయ బుర్రలో బూడిద కలిపి గింజలు దాచేది. విత్తే రోజు గొర్రు వెనకాల నడుస్తూ, కొన్ని సాళ్ల వేరుశనగకు ఒక సాలు తన గింజలన్నీ కలిపి ఒడిలోంచి వదిలేది. మా వైపు దాన్ని అక్కిడి సాలు అంటారు. అందులో ఎర్ర మచ్చల అలసంద ఒకటి ఉండేది. వాళ్లమ్మ చేతి విత్తనం, చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా లేదు. ఉడకబెడితే వాసన వీధి చివరి దాకా వచ్చేది.

ఇక నా సంగతి. చేస్తే అంతా చేయాలి, లేకపోతే అసలే వద్దు అనే రకం నేను. సంగటిలో ఉడకని పిండి ఉండ ఒక్కటి తగిలితే కంచం మొత్తం నెట్టేసేవాణ్ణి. గుత్తి బస్సు కండక్టరు ఒకసారి ఆపలేదని రెండేళ్లు సైకిలు మీదే తిరిగాను. కండక్టరుకు ఆ సంగతి తెలియనే తెలియదు, నా మోకాళ్లకు మాత్రం ఇంకా గుర్తుంది. ఊళ్లోవాళ్లు నన్ను ఒకే మాట మనిషి అని పొగిడేవాళ్లు. ఇప్పుడు తలుచుకుంటే ఆ పొగిడినవాళ్ల మీద కూడా కోపమొస్తుంది. మొండితనానికి మంచి పేరు పెడితే మనిషి చెడిపోక ఏమవుతాడు?

పదకొండేళ్ల కిందట ఒక ఏడు, చేను నాది, చేనంటే ఒకటే పంట అని పంతం పట్టాను. నాకు తెలియకుండా అత్త విత్తిన సాళ్లన్నీ మొలకెత్తగానే గుంటకతో దున్నేశాను. పల్లంగా ఉన్న ఒక మూల తడిగా ఉండి ఎద్దులు దిగక, అక్కడ మాత్రం మిగిలాయి. సరిగ్గా వేరుశనగ ఊడలు కాయ కట్టడానికి మట్టిలోకి దిగే వేళకు వాన పోయింది. వేరుశనగ నిలువునా ఎండింది. ఆ మూలలో అలసంద మాత్రం పచ్చగా పూత మీద ఉంది. నేను పంతంకొద్దీ చేనంతా మేపేయడానికి గొర్రెల మందను పిలిపించాను. అత్త ఆ మూలకు అడ్డంగా నిలబడింది.

"అబ్బీ, ఈ మూల ఇడ్సిపెట్టు. ఇత్తనానికైనా వస్తాది. బుర్రలో ఒక్క గింజ ల్యాదు."

"వస్తే చేనంతా రావల్ల. ల్యాకుంటే నాకేమీ వద్దు."

"నీకొద్దు, సరే. నాకు కావల్ల గదరా."

ఆమె చెయ్యి పట్టి గట్టు మీదికి లాగింది నేనే. మందను తోలింది కూడా నేనే. పొద్దు గూకక ముందే మూల నున్నగా అయిపోయింది.

ఆ సాయంత్రం ఆమె ఎప్పట్లాగే నా ముందు కంచం పెట్టింది. "నీ మీద కోపమూ ఉండాది, కుండలో సంగటీ ఉండాది. తిను" అంది. అది నాకు మింగుడుపడలేదు. కోపముంటే కూడు పెట్టొద్దు, పెడితే కోపం మానుకో అన్నాను. ఆమె దేన్నీ మానుకోనంది. నేను కంచం ముందు నుంచి లేచి, అదే ఇంట్లో అడ్డగోడ కట్టి వేరు పొయ్యి పెట్టించాను. పదకొండేళ్లు ఆమెతో మాట్లాడలేదు. ఆమె మాత్రం ఊరుకోలేదు. నాకు చెప్పాల్సినవన్నీ నాకు వినబడేలా తన వాకిట్లో కట్టేసిన మేకకు చెప్పేది. జ్వరమొస్తే కషాయం తాగమని మేకకు చెప్పేది. నాకు నవ్వొచ్చిన రోజులున్నాయి. నవ్వు కూడా దిగమింగాను, దౌర్భాగ్యుణ్ణి.

మొన్న చెప్పులు విడిచి, ఆమె వైపు వాకిట్లోకి వెళ్లాను. అరుగు మీద కూర్చుని ఉంది, చూపు బాగా తగ్గింది. పొట్లం చేతిలో పెట్టి, "తప్పు చేసినా అత్తా" అన్నాను. ఆమె గింజలు ఒడిలో పోసుకుని ఒక్కొక్కటీ కంటికి ఆనించి చూసింది.

"ఇందులో మచ్చలది ల్యాదే."

"అది ఇంగ రాదు. నేనే మేపినా."

"తెలుసులే."

"నన్ను క్షమించినావా?"

"సగం" అంది.

పాత నేనైతే అప్పుడే లేచి వెళ్లిపోయేవాణ్ణి. కాళ్లు లేవబోయాయి కూడా. బలవంతంగా కూర్చున్నాను. తక్కిన సగం ఎప్పుడని అడిగాను.

"అది కోపం. నాదే, ఉండనీ. లోపల సంగటి ఉండాది, పో, తిను."

తిన్నాను. ఒక ఉండ తగిలింది, దాన్ని కూడా నమిలి మింగాను. ఈసారి చేలో అక్కిడి సాళ్లు వేస్తాం. ఏదో ఒకటి మొలుస్తుంది. అడ్డగోడకు ఇవతల నేను ఒంటరిగా వండుకుని తిన్న ఆ పదకొండేళ్లు మాత్రం ఏ వానకూ మొలవవు.